పన్నెండు మాటల పలక

తాను పవిత్ర గ్రంథం మొత్తం కంఠస్థం చేశాడా, లేక ఒక్క మాట తక్కువగా చేశాడా అన్న అనుమానం బీహీకి యాభై నాలుగేళ్లుగా ఉంది. అది మనిషిని తరిమే అనుమానం కాదు. పెంపుడు పిల్లిలాంటిది. కొట్లో పంచదార తూస్తుంటే వచ్చి పక్కన ముడుచుకుని కూర్చునేది. నమాజుకు ముందు ముంజేతుల మీద నీళ్లు పోసుకుంటుంటే కాళ్లకు ఒకసారి రాసుకుని వెళ్లిపోయేది.

సంగతి చిన్నదే. తిజ్నిత్‌లో ఆ రోజుల్లో పిల్లలందరూ చెక్కపలక పట్టుకుని, గ్రంథం నేర్పే ఫకీ ముందు కూర్చునేవారు. కాల్చిన గొర్రె ఉన్నితో చేసిన సిరా, రెల్లు కలం. రోజుకి నాలుగు వాక్యాలు. అవి గుండెలోకి దిగాయని ఫకీకి నమ్మకం కుదిరాక పలక కడగాలి. సిరా నీళ్లను ఎవరూ తొక్కని చోట, దానిమ్మ చెట్టు మొదట్లో పోయాలి. పలకకు బంకమట్టి పూసి ఆరబెట్టి మళ్లీ కొత్త వాక్యాలు రాయాలి. అలా ఎన్ని వందలసార్లు కడిగితేనో బీహీకి పన్నెండో ఏట గ్రంథం పూర్తయింది. తండ్రి గొర్రెను కోయించాడు. పలకకు రంగులు వేయించాడు. తెల్లబట్టలేసి కంచరగాడిద మీద ఊరేగించే ముందు, పెద్దల ఎదుట చదవమన్నారు.

చదువుతూ చదువుతూ ఒకచోట నోరు ఆగిపోయింది. తర్వాతి మాట ఉండాల్సిన చోట ఖాళీ. కడిగిన పలకలాగా తెల్లగా ఉంది. తండ్రి వేళ్లలో జపమాల పూసలు ఆగడం బీహీ చూశాడు. అప్పుడు వెనక కూర్చున్న ఇద్దర్, బీహీకన్నా రెండేళ్లు పెద్దవాడు, పెదవి కదిలీ కదలనట్టు ఆ మాట అందించాడు. బీహీ వాక్యం మొదటికి వెళ్లి, ఆ మాటను కలుపుకుని, ముందుకు సాగిపోయాడు. పద్ధతి అదే. ఎవరైనా తడబడితే పక్కవాడు మాట అందించాలి. అందుకున్నవాడు వెనక్కి వెళ్లి, వాక్యాన్ని మొదటినుంచీ ఎత్తుకోవాలి. చిరుగు కుట్టినట్టు తెలియకూడదు.

కానీ కుట్టినవాడికి తెలుస్తుంది కదా. ఆ ఒక్క మాట నాదా, ఇద్దర్‌దా? ఇంకొకరి ఊపిరితో వచ్చింది నాదెలా అవుతుంది? ఒకసారి ధైర్యం చేసి ఫకీని అడిగాడు. ఆయన నవ్వి, నువ్వు పొద్దున తాగిన నీళ్లు నీవా బావివా అని తిరిగి అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ బీహీ వెంటే ఉంది.

ఇద్దర్ మాత్రం దాన్ని వేళాకోళం చేసుకున్నాడు. నాకు ఒక మాట బాకీ ఉన్నావురా అనేవాడు, కొట్లోకి వచ్చినప్పుడల్లా. రోజూ సూర్యాస్తమయం నమాజు తర్వాత మసీదులో పదిమందీ వలయంగా కూర్చుని ఆ పూట వంతు కలిసి చదువుకుంటారు. బీహీ ఎప్పుడూ ఇద్దర్‌కు కుడిపక్కనే కూర్చునేవాడు, బాకీ తీర్చే అవకాశం వస్తుందేమోనని. యాభై నాలుగేళ్లలో ఇద్దర్ ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇద్దర్ అన్నా, నువ్వు తడబడితే కదా నేను తీర్చేది," అనేవాడు బీహీ.

"తొందరేముంది, ఉంచుకో. వడ్డీ అడిగేవాణ్ణి కాదులే," అనేవాడు ఇద్దర్.

ఇద్దర్ వెండిపని చేసేవాడు. ఆడవాళ్లు పైవస్త్రాన్ని భుజాల దగ్గర పట్టి ఉంచడానికి పెట్టుకునే ముక్కోణపు పిన్నులు చేయడంలో ఆయనకు సాటి లేరు. ఒక్కోదానికి ఒక్కో పేరు: నక్క అడుగు, తొలివాన, తేనెటీగ నిద్ర. నమూనాలేవీ కాగితం మీద లేవు, అన్నీ వేళ్లలోనే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఆ వేళ్లు వణకసాగాయి. ఆ వెనకే పేర్లు కూడా ఒక్కొక్కటిగా తప్పుకోసాగాయి. ఒకరోజు ఉదయం కొట్లో నిలబడి, తేనెటీగ రెక్కకు గీతలు మూడా నాలుగా అని బీహీని అడిగాడు. బీహీకి ఏం తెలుసు? ఆ పిన్ను ఆయన తన భార్య రఖ్ఖూష్ కోసం పెళ్లైన ఏడాది చేసింది. కరువొచ్చిన ఏడు దాన్ని కరిగించి అమ్ముకున్నారు. రఖ్ఖూష్ పోయి ఆరేళ్లైంది.

అప్పుడే బీహీ కూతురు తూదా ఆ నమూనాలు దాచే పని మొదలుపెట్టింది. ఆడపిల్లల బడిలో బొమ్మలు గీయడం నేర్పే పిల్ల అది. రెండు చలికాలాలు ఇద్దర్ పక్కన కూర్చుని, ఆయన గాల్లో వేలితో గీస్తుంటే చూసి, కంప్యూటర్‌లో నలభై పిన్నులు గీసింది. గీసినవాటిని ఇంటర్నెట్లో ఒక్కొక్కటిగా అమ్మడానికి పెట్టింది. ఎక్కడెక్కడి మనుషులో కొన్నారు. వచ్చినదాంట్లో సగం ఇద్దర్‌కు ఇచ్చేది.

ఇది బీహీకి ఓ పట్టాన మింగుడుపడలేదు. చేతికి తగలని వెండి. పెట్టెలో పెట్టుకోలేరు, పెళ్లికి పెట్టుకోలేరు. ఏం కొన్నట్టు వాళ్లు? మసీదు పెద్దను అడిగితే, అమ్మేవాడికీ కొనేవాడికీ అదేమిటో స్పష్టంగా తెలిసి, మోసం లేకపోతే చాలన్నాడు. మోసం లేదని బీహీకి తెలుసు. అదేమిటో మాత్రం తెలియదు.

తూదా ఒక సాయంత్రం టీ పోస్తూ ఓపిగ్గా చెప్పింది. ఏ బొమ్మ ఎవరిదో ఒక పెద్ద చిట్టాలో రాసి ఉంటుందట. ఆ చిట్టా వేలమంది దగ్గర ఉంటుంది కాబట్టి ఎవడూ చెరిపి రాయలేడట. బొమ్మ మాత్రం చిట్టాలో పట్టదు. దాన్ని వేరే దాస్తారు, ఒక ఇంట్లో కాదు, దాచడానికి ఒప్పుకున్న చాలామంది దగ్గర. చిట్టాలో బొమ్మ వేలిముద్ర మాత్రం ఉంటుంది.

"బొమ్మకు వేలిముద్రేంటి తల్లీ?"

"బొమ్మలో ప్రతి చుక్కా కలిపి లెక్కకడితే వచ్చే పేరు బాబా. ఒక్క చుక్క మారినా పేరు మారిపోతుంది. ఫలానా ఇంట్లో ఉన్న బొమ్మ ఇవ్వమని అడగం. ఫలానా వేలిముద్ర ఉన్న బొమ్మ ఎవరి దగ్గరుంటే వాళ్లు ఇవ్వండని అడుగుతాం. ఒక్కరి దగ్గరున్నా చాలు, వచ్చేస్తుంది."

"ఒక్కరి దగ్గర కూడా లేకపోతే?"

"పేరొక్కటే మిగుల్తుంది. పిలిస్తే పలికేవాళ్లుండరు."

బీహీ టీగ్లాసు కింద పెట్టడం మరిచిపోయాడు. రోజూ మసీదులో పదిమందీ చదివే వంతు గుర్తొచ్చింది. రేపు పలకలన్నీ కాలిపోయినా ఈ పదిమందిలో ఒక్కడు మిగిలితే చాలునని ఫకీ అనేవాడు. ఒక్క అక్షరం జారితే పక్కవాడు వింటాడు. ఈ పిల్ల చెప్పేది కొత్తదా, పాతదా? ఆ రాత్రి ఆయనకు నలభై వెండి పిన్నులు ఆకాశంలో వేలాడుతున్నట్టు కల వచ్చింది. ఒక్కోదాని కింద ఎవరో తెలియని మనిషి దోసిలి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఇంకొన్నాళ్లకు తూదా ఒక అరుదైన కోరిక కోరింది. ఈ అమ్మకాలన్నిటికీ తన పేరు మీద ఒక మొహరు ఉందనీ, ఆ మొహరు అసలు పన్నెండు పరాయిభాష మాటలనీ, ఆ మాటలు అదే వరసలో ఎవరికి తెలిస్తే మొహరు వాళ్లదేననీ చెప్పింది. కాగితం పోతుంది, ఫోన్లో దాస్తే దొంగలు తవ్వుతారు. తన కంప్యూటర్ చెడిపోతే మళ్లీ తెరవడానికి ఆ మాటలే దిక్కు.

"నువ్వు కంఠస్థం చేస్తావా బాబా? నీలో దాచింది ఇంతవరకు పోలేదు కదా."

ఒక్క మాట పోయిందని బీహీ చెప్పలేదు. మెల్లగా లేచి, అటకమీంచి చిన్నప్పటి పలక దించాడు. సిరా నూరాడు. ఆ పన్నెండు మాటలనూ తనకొచ్చిన లిపిలో రాసుకుని, పెరట్లో ఎండకు ఆరబెట్టాడు. సిరా అంటిన ఆయన వేళ్లు ముద్దుగా కనిపించి తూదా ఒక ఫోటో తీసుకుంది.

మాటల అర్థాలు కూతురే చెప్పింది. గొడుగు, తేనె, వంతెన, గుడ్లగూబ, ఉప్పు, నిచ్చెన, చంద్రుడు. వాటికి ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. అందుకని బీహీయే చుట్టరికం కలిపాడు. గొడుగు వేసుకున్న మనిషి తేనెకుండతో వంతెన దాటుతాడు. వంతెన మీద గుడ్లగూబ ఉప్పు అమ్ముతుంటుంది. పక్కనున్న నిచ్చెన ఎక్కితే చంద్రుడు. చంద్రుడి రేవులో పడవ, పడవలో దానిమ్మపండు, పండు విప్పితే గింజలకు బదులు అద్దం. అద్దంలో కనిపించేవి ఇంకో రెండు. మూడు రోజుల్లో పన్నెండూ గుండెలోకి దిగాయి. పలక కడిగి, నీళ్లు దానిమ్మ చెట్టుకు పోశాడు. ఆ మాటలు పవిత్రమైనవి కావు, కానీ అలవాటు.

ఎవరికీ చెప్పొద్దని తూదా గట్టిగా చెప్పింది. భార్య ఇజ్జాకు కూడా బీహీ చెప్పలేదు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఒక్క రహస్యమైనా లేని మనిషికి ఇప్పుడొకటి వచ్చిందే అని ఆమె నాలుగు రోజులు దెప్పింది.

బాదంచెట్లు పూసే రోజుల్లో ఒక ఉదయం ఇద్దర్ తన ఫోన్ పట్టుకుని కొట్లోకి వచ్చాడు. రోజూ ఒకసారి ఆ నలభై బొమ్మలూ చూసుకోవడం ఆయనకు అలవాటైంది. మరిచిపోకుండా ఉండటానికని అనేవాడు. ఆ రోజు ఏడో బొమ్మ దగ్గర తెల్లటి చతురస్రం తప్ప ఏమీ లేదు. తేనెటీగ నిద్ర అన్న పేరు మాత్రం కింద ఉంది.

"నా కళ్లేనా, బీహీ?" అన్నాడు.

బీహీ కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తెలుపే. ఇద్దర్ కాసేపు అక్కడే నిలబడి, గాల్లో వేలితో రెక్క గీయబోయి, మధ్యలో ఆపేశాడు. ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

తూదాకు కబురు చెప్తే ఆమె ముఖం వాడిపోయింది. తన బొమ్మలు దాచిపెడతామని ఏడాదికింత తీసుకునే ఒక చిన్న సంస్థ మూతపడిందట. నలభైలో ముప్పైతొమ్మిదింటికి తన దగ్గర ఇంకో ప్రతి ఉంది, వాటికి భయం లేదు. ఏడోది మాత్రం నిరుడు పాడైన పాత కంప్యూటర్‌తోపాటు పోయింది. అగాదీర్‌లో పాత యంత్రాల్లోంచి పోయినవి తీసేవాడున్నాడని విని, మర్నాడు పొద్దున్నే రెండు కంప్యూటర్లూ సంచిలో పెట్టుకుని టాక్సీ ఎక్కింది.

ఆ మధ్యాహ్నం గాలి లేదు. నమాజు చేసి వచ్చి, బస్తాలకు జారగిలబడ్డ బీహీకి రెప్పలు వాలాయి. పుదీనా కట్టల వాసన. సగం నిద్రలో గొడుగు మనిషి వచ్చాడు. ఈసారి అతని కుండలో తేనె లేదు, తెల్లటి ఖాళీ ఉంది. వంతెన మీద గుడ్లగూబ ఉప్పుకు బదులు ఆ ఖాళీనే తూచి అమ్ముతోంది. ఎక్కడో గంట మోగింది. గంట వంతెన కిందనుంచి వస్తోందనుకున్నాడు. కొట్లో ఫోన్ అది.

తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతలి గొంతు మెత్తగా, మర్యాదగా, ఈ చుట్టుపక్కల యాసలోనే మాట్లాడింది.

"సలాం హాజీ. మీ అమ్మాయి బొమ్మలు దాచే సంస్థ నుంచి."

తాను హజ్‌కు వెళ్లలేదనీ, హాజీ అనవద్దనీ బీహీ చెప్పాడు. దేవుడు త్వరలో పంపిస్తాడులెండి అన్నాడతను. ఒక బొమ్మ ఇప్పటికే తెల్లబోయింది కదా అని అడిగాడు. ఆ మాటతో బీహీ మగతలోనే ఫోన్ చెవికి మరింత ఆనించాడు. మిగతా ముప్పైతొమ్మిదీ పొద్దు వాలేలోగా అలాగే పోతాయనీ, వాటిని కొత్త చోటికి మార్చాలంటే పన్నెండు మాటలు కావాలనీ అతను చెప్పాడు. ఆ మాటలు ఎవరికీ చెప్పకూడదట అన్నాడు బీహీ.

"మంచి మాట హాజీ. మీరు చెప్పొద్దు. మా దగ్గరున్నవి నేను చదువుతాను. సరిగా ఉన్నాయో లేదో వినండి, చాలు. పలక ముందు కూర్చున్నవాళ్లే కదా మీరు."

వినడంలో తప్పేముంది? అతను చదవసాగాడు. ఫకీ ముందు చదివినట్టు, ప్రతి మాట చివరా కాస్త సాగదీసి, లయగా. గొడుగు. తేనె. వంతెన. బీహీ కళ్లు మూసుకున్నాడు. మనిషి మళ్లీ వంతెన మీదికొచ్చాడు. గుడ్లగూబ, ఉప్పు, నిచ్చెన. చంద్రుడు.

అక్కడ గొంతు ఆగింది. చంద్రుడు... చంద్రుడు... అని తడుముకుంది. ఆ తడబాటులో ఒక పన్నెండేళ్ల పిల్లవాడి భయం ఉంది. ఎక్కడో ఒక తండ్రి చేతిలో జపమాల ఆగిపోయింది. బీహీ నోరు ఆయన్ని అడగలేదు. పడవ, అని అందించింది.

పడవ, అన్నాడతను. మళ్లీ ఆగాడు. దానిమ్మ, అన్నాడు బీహీ. దానిమ్మ. మళ్లీ ఆగాడు. అద్దం.

అద్దం, అన్న తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో బీహీకి చిన్న చప్పుడు వినిపించింది. మీటలు నొక్కుతున్న చప్పుడు. పెరట్లో ఎండుటాకు మీద కోడి నడిచినట్టు ఉంది. దానివల్ల కాదు ఆయనకు మెలకువ వచ్చింది. ఇంకేదో సరిగా లేదు. అందించిన మాట అందుకున్నవాడు వెనక్కి వెళ్లాలి. గొడుగు దగ్గరకు వెళ్లి, మొదటినుంచీ ఎత్తుకుని, పడవను కలుపుకుని రావాలి. చిన్నప్పుడు నేర్చినవాడికి అది చెప్పక్కర్లేదు, కాళ్లే తీసుకెళ్తాయి. ఇతను ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లలేదు. ముందుకే వెళుతున్నాడు. ఆకలిగా.

"ఆ తర్వాత హాజీ? ఆ తర్వాత?"

"మొదటినుంచి చదువు నాయనా," అన్నాడు బీహీ.

అవతల గొంతు తడబడింది. ఈసారి నిజంగానే. టైం లేదంది.

"మొదటినుంచి చదువు," అన్నాడు బీహీ మళ్లీ. ఫోన్ పెట్టేసిన చప్పుడైంది. బయట వీధిలో ఎండ అలాగే ఉంది. ఒక ఆడమనిషి పచ్చి రొట్టెల పళ్లెం నెత్తిన పెట్టుకుని ఊరి రొట్టెల బట్టీ వైపు నడిచి వెళుతోంది. అంతా ఇంకా కలలాగే ఉంది, కానీ కల కాదు.

బీహీ తప్పు దాచుకునే మనిషి కాదు. అప్పుడే తూదాకు ఫోన్ చేశాడు. ఆమె అగాదీర్ నుంచి తిరుగుదారిలో ఉంది.

"ఎన్ని అందించావు బాబా?"

"మూడు. ముందు ఏడూ వాడికి ఎలాగో తెలుసు. రెండు మిగిలాయి."

"రెండంటే యంత్రానికి ఒక పూట పని. అన్నీ వేసి చూసి తలుపు తీసేస్తుంది," అందామె. తన దగ్గరున్న కంప్యూటర్‌తో ఇప్పుడే కొత్త మొహరు చేయించి, ఉన్నవన్నీ అందులోకి మార్చేస్తానంది. దారిలో మాస్సా ఊరి దగ్గర టాక్సీ ఆపించి, రోడ్డుపక్క టీకొట్లో కూర్చుంది.

ఏం పోతుందో బీహీకి తెలుసు. ఆ మొహరు ఇద్దర్ వెండిమీద కొట్టే మొహరులాంటిదే. అది దొంగ చేతిలో పడితే తగరం కూడా ఇద్దర్ వెండిగా అమ్ముడుపోతుంది. యాభై ఏళ్లు తూకంలో గింజంత తేడా రానివ్వని మనిషి పేరు మీద. తాను పోగొట్టింది తనదైతే ఇంత బాధ ఉండేది కాదు.

ఇజ్జా బాదం, తేనె కలిపి నూరిన అమ్లూ గిన్నె, రొట్టె తెచ్చి ముందు పెట్టింది. జరిగింది విని, కొట్టు మెట్టు మీద కూర్చుంది.

"ముప్పయ్యేళ్లుగా నీ పక్కనున్నాను. ఒక్క మాట చెప్పావా నాకు? ఎవడో ఫోన్లో నత్తి పెట్టేసరికి మూడు చెప్పావు," అంది. తర్వాత ఆమే రొట్టె తుంచి ముంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తినలేదు. ఆమె కూడా లేవలేదు. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి, పంచదార దిమ్మల మీదికి, అక్కడినుంచి సబ్బుల అర మీదికి ఎక్కింది. ఎండ సబ్బుల మీద ఉండగానే ఫోన్ మోగింది.

"అయిపోయింది బాబా," అంది తూదా. "పాత మొహరు ఇంట్లో ఇప్పుడు చీమ కూడా లేదు. వస్తే రానీ."

సాయంత్రానికి వాడు వచ్చిన జాడ కనిపించిందట, ఖాళీ ఇంటి తాళం తీసి, లోపల తడిమి వెళ్లిపోయాడట. ఇంటికొచ్చాక తూదా చాలాసేపు ఏదో వెతికి, తండ్రి ముందు ఫోన్ పెట్టింది. ఆ రోజు పెరట్లో తీసిన ఫోటో. 'మా బాబా చేతులు' అని రాసి, బొమ్మలు కొనేవాళ్లందరికీ చూపించింది తనే. వేళ్ల వెనక, ఎండలో, పలక పైభాగం. ఏడు మాటలు. ఆ లిపి చదవగలవాడెవడో చదివాడు. అవి పవిత్ర వాక్యాలు కావు, మొహరు మాటలని కనిపెట్టాడు.

"ఏడు నావి, మూడు నీవి," అంది తూదా తలవంచుకుని. "ఒకటి గుర్తుపెట్టుకో బాబా. బొమ్మ దాచేవాడికి మన మొహరుతో పని లేదు. గోదాములో మన గోధుమలు దాచేవాడు ఇంటి తాళంచెవి అడుగుతాడా? అడిగాడంటే వాడు గోధుమల కోసం రాలేదు."

బీహీ తల ఊపాడు. ఆయన ఇంకొకటి ఆలోచిస్తున్నాడు. ఎక్కడ ఆగితే నా నోరు తెరుచుకుంటుందో వాడికి తెలుసు. వాడు కూడా ఎప్పుడో ఒక పలక ముందు కూర్చున్నవాడే అయి ఉండాలి. ఎవరు నేర్పారో, ఎక్కడ ఆపేశారో. ఆ పూట ప్రార్థనలో వాడి కోసం కూడా ఒక వాక్యం చెప్పుకున్నాడు. చెప్పాక, అలా చెప్పడం సరైనదేనా అని అనుమానపడ్డాడు.

ఇద్దర్‌కు అన్నీ తానే వెళ్లి చెప్పాడు. ఇద్దర్ విని, నీ నోరు మంచిదిరా, దొంగక్కూడా సాయం చేస్తుంది అని నవ్వాడు. ఆ నవ్వు చూడటం బీహీకి కష్టమైంది. ఏడో బొమ్మ ఇంకా తెల్లగానే ఉంది. పాత కంప్యూటర్‌లో ఏమీ మిగల్లేదని అగాదీర్ వాడు తేల్చేశాడు. ఇకమీదట ఎవరికీ ఏ మాటా అందించనని బీహీ మనసులో అనుకున్నాడు. మసీదులో కూడా గొంతు తగ్గించి, పెదవులు మాత్రమే కదిపి చదవసాగాడు.

ఆ వారమంతా తూదా తన బొమ్మలు కొన్నవాళ్లకూ, చూసేవాళ్లకూ రాసింది: ఏడోది ఎవరైనా ఎప్పుడైనా తమ దగ్గర దించుకుని ఉంచుకున్నారా? శుక్రవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. స్ఫాక్స్ ఊరి నుంచి ఒక బడి పంతులమ్మ. ఆ బొమ్మ కొన్నది ఆమె కాదు, కొనే స్తోమత లేదట. చూసి ఇష్టపడి, దించుకుని, తన కంప్యూటర్‌లో ఉంచుకుంది. దాన్ని ఎలా నలుగురికీ అందేలా పెట్టాలో తూదా రాసింది. అరగంటకు ఆమె పెట్టింది.

తూదా ఫోన్ పట్టుకుని పరుగున ఇద్దర్ ఇంటికి వెళ్లింది. వెనక బీహీ, అంగడి గుడ్డ భుజం మీదే ఉంది. తెల్లటి చతురస్రం కాసేపు అలాగే ఉంది. తర్వాత పైనుంచి కిందికి, ఎవరో లోపల నెమ్మదిగా దీపం తిప్పినట్టు, వెండి గీతలు దిగసాగాయి. ముందు కొక్కెం, తర్వాత ముక్కోణం, మధ్యలో రెక్క ముడుచుకుని నిద్రపోతున్న తేనెటీగ.

"అదేనా తల్లీ? వేరేది కాదు కదా?" అన్నాడు బీహీ.

"వేలిముద్ర కలిసింది బాబా. ఒక్క చుక్క తేడా ఉన్నా ఇది వచ్చేదే కాదు."

ఇద్దర్ గోరుతో గాజు మీద రెక్క గీతలు లెక్కపెట్టాడు. నాలుగు. రఖ్ఖూష్ అని భార్య పేరు ఒకసారి పైకే అన్నాడు. ఆ పంతులమ్మ పేరేమిటని అడిగి, రెండుసార్లు చెప్పించుకున్నాడు. తూదా ఆ సాయంత్రమే నలభై బొమ్మలనూ తన యంత్రంలో, బడి యంత్రంలో, స్ఫాక్స్ పంతులమ్మ దగ్గర కూడా ఉంచే ఏర్పాటు చేసింది. ఆమె బడి పిల్లలు గీసిన బొమ్మలకు తన యంత్రంలో ఒక చోటు ఇచ్చింది.

పొద్దు గుంకింది. మసీదులో నమాజు అయ్యాక వలయం కూర్చుంది. శుక్రవారాలు అందరూ చదవడం అయ్యాక చివరి కొన్ని వాక్యాలు ఒక్కరే చదువుతారు. ఆ వారం ఇద్దర్ వంతు. కిటికీలోంచి సముద్రపు గాలి చల్లగా వస్తోంది. ఇద్దర్ గొంతు ఎప్పటిలాగే లోతుగా, తొందర లేకుండా నడిచింది. బీహీ కుడిపక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఒకచోట ఆ గొంతు ఆగింది.

ఊపిరి కోసం అనుకున్నారు అందరూ. ఊపిరి తీసుకోవడం అయింది. మాట రాలేదు. బీహీ కళ్లు తెరిచాడు. ఇద్దర్ ముఖం మీద, తాను అప్పుడు కొట్లో ఫోన్లో చూసిన ఆ తెలుపు ఉంది. వలయంలో పదిమందికీ ఆ మాట తెలుసు. కానీ పద్ధతి ప్రకారం కుడిపక్కవాడిది ముందు హక్కు, అందరూ బీహీ కోసం ఆగారు. ఎవరికీ అందించనని అనుకున్నాడు కదా. చంద్రుడు, చంద్రుడు అన్న గొంతు చెవిలో ఉంది. ఇద్దర్ మోకాలిమీద వేలు గాల్లో ఏదో గీస్తోంది. రెక్క కావచ్చు, మాట కావచ్చు.

బీహీ కాస్త వంగి, పెదవి కదిలీ కదలనట్టు, ఆ ఒక్క మాట అందించాడు.

ఇద్దర్ వెనక్కి వెళ్లాడు. వాక్యం మొదటినుంచి, ఎక్కడా తొందరపడకుండా ఎత్తుకున్నాడు. ఆ మాట దగ్గరికొచ్చి, దాన్ని కలుపుకుని, చివరిదాకా చదివాడు.

బయట చెప్పులు తొడుక్కునేటప్పుడు ఇద్దర్ బీహీ భుజం పట్టుకున్నాడు. రెండో చెప్పు దొరకడానికి కాస్త సమయం పట్టింది.

"చెల్లిపోయిందిరా," అన్నాడు.